పద్నాలుగు చుక్కల ఇల్లు

నాకు కోపం కొంచెం తొందరగా వస్తుంది. తెనాలి కోర్టులో పంతొమ్మిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, భువనేశ్వరి మేడం దగ్గరికి మధ్యాహ్నం భోజనానికి ముందు వెళ్లకూడదని గుమస్తాలు ఒకరికొకరు చెప్పుకుంటారని నాకు తెలుసు. ఏప్రిల్ నెలాఖరులో రెంట్ కంట్రోలర్ కోర్టు నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా వేసి, గంగానమ్మపేటలో ఒక పాత మిద్దె ఇంటిని చూసి రిపోర్టు ఇమ్మన్నప్పుడు కూడా మొదట కోపమే వచ్చింది. కమిషనర్ అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. జడ్జిగారు ఇంటింటికీ తిరిగి గోడలు చూడలేరు కాబట్టి, ఆయన కళ్ల బదులు ఒక వకీలు కళ్లను పంపిస్తారు. ఆ కళ్లకు కూడా వడదెబ్బ తగులుతుందని ఎవరికీ గుర్తుండదు.

కేసు చూడ్డానికి చిన్నదే. రాఘవమ్మ అనే యాభై ఆరేళ్ల ఆవిడ ఆ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా అద్దెకుంటోంది. భర్త పోయాక అప్పడాలు వత్తి అమ్ముకుంటూ బతుకుతోంది. తెనాలిలో పెళ్లి వంటలు చేసేవాళ్లు, పొన్నూరు హోటళ్ల వాళ్లు ఆ సందు వెతుక్కుంటూ వచ్చి ఆవిడ దగ్గరే కొంటారు. నాలుగేళ్లుగా ఆ ఇల్లు కారుతోంది. అప్పడానికి తడి తగిలితే ఇక అంతే, బూజు పడుతుంది. కిందటి అక్టోబరు వానల్లో కారంచేడు పెళ్లివారి ఆర్డరు మొత్తం పాడైపోతే, వారం రోజుల కష్టాన్ని పెరట్లో పారబోసుకుంది.

ఇంటి యజమాని సాంబశివరావు గారు బాపట్లలో ఉంటారు. ఇల్లు కారిన ప్రతిసారీ రాఘవమ్మ ఆయనకు ఫోన్ చేసింది. కానీ అన్నయ్యగారూ అని పిలుచుకునే మనిషికి వట్టి ఫిర్యాదు చేయడం మర్యాద కాదనిపించి, ఫోన్ చేసిన ప్రతిసారీ బాపట్ల బస్సులో ఒక అప్పడాల కట్ట కూడా పంపించింది. కాగితం మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కోర్టులో ఆయన జవాబుగా వేసిన కౌంటరు చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. ఇంటి మీద ఫిర్యాదు ఉన్న మనిషి నాలుగేళ్ల పాటు అప్పడాలు పంపుతుందా, అవి ఆమె సంతృప్తికి గుర్తులు కావా అని అందులో రాశారు.

చివరికి ఎవరో చెబితే ఆవిడ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయసేవా కమిటీకి వెళ్లింది. అక్కడ ఫరూక్ అనే కుర్ర వకీలు ఆవిడ కేసు ఉచితంగా తీసుకున్నాడు. మంచి పిల్లాడు, నా జూనియర్‌గా రెండేళ్లు పనిచేశాడు. అద్దె మాత్రం ఒక్క నెల కూడా ఆపొద్దని ఆవిడకు మొదట చెప్పాడట, ఆపితే ఖాళీ చేయించడానికి మనమే వాళ్ల చేతికి కారణం ఇచ్చినట్టవుతుందని. తర్వాత ఆవిడ ట్రంకుపెట్టెలోంచి పాత అద్దె అగ్రిమెంటు బయటికి తీయించాడు. పైకప్పు, గోడల మరమ్మతులు ఇంటివారే చేయించాలని అందులో ఉంది. అప్పుడు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాడు. యజమాని చేయించాల్సిన మరమ్మతు నోటీసు అందాక కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని చట్టంలో ఉంది. రేపు గొడవ రాకుండా ఆ అనుమతి కోర్టు నుంచే తీసుకుందామని పిటిషన్ వేశాడు.

సాంబశివరావు గారి తరఫు వకీలు జీవన్ కుమార్. గట్టివాడు. ఇల్లు కారడం లేదని ఒక పేరాలో రాశాడు. కారినా తమకెవరూ చెప్పలేదని ఇంకో పేరాలో రాశాడు. చెప్పినా చెప్పకపోయినా ఇల్లు పూర్తిగా శిథిలమైంది కాబట్టి బాగు చేయించడం దండగ, ఖాళీ చేయించి ఇస్తే కూల్చి కొత్తది కట్టుకుంటామని మూడో పేరాలో రాసి, దానికి వేరే పిటిషన్ కూడా వేశాడు. మా వృత్తిలో ఇలా మూడు నాలుకలతో రాయడం తప్పు కాదు, నేనూ రాస్తాను. అయితే దీనివల్ల ఆవిడ పని అడకత్తెరలో పోకలా అయింది. కారడం లేదని తేలితే ఆవిడ పిటిషన్ పోతుంది. బాగా కారుతోందని తేలితే ఇల్లే పోతుంది. ఇల్లు పోతే ఆ సందు, ఆ పెరడు, వెతుక్కుంటూ వచ్చే జనం అన్నీ పోతాయి. ఫైలు మూసినప్పుడు ఎటు చూసినా ఆవిడ ఓడిపోయేట్టే ఉందని నాకనిపించింది.

కట్టుబడి తెలిసినవాళ్ల సాయం తీసుకోమని, నన్ను కమిషనర్‌గా వేస్తూ కోర్టు ఇచ్చిన వారంటులో ఉంది. రెండు పక్షాలకూ తెలియని మనిషి కావాలని రేపల్లె నుంచి యలమంద అనే తాపీమేస్త్రిని పిలిపించాను. అరవై దాటినవాడు. దూలాలు, వాసాల మీద ఇటుక పేర్చి సున్నం కొట్టిన పాత మిద్దెలను బాగు చేయడం ఇప్పుడు చాలామందికి రాదు, ఈయనకు వచ్చు. బుధవారం పొద్దున్నే రేపల్లె పాసింజరు దిగి, భుజాన పనిముట్ల సంచితో నాకంటే ముందే ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బాపట్ల నుంచి సాంబశివరావు గారు కారులో వచ్చారు, ఫరూక్, జీవన్ కుమార్ నా వెనకే వచ్చారు.

గడప దాటగానే సున్నం వాసన గుప్పుమంది. పైకప్పు తెల్లగా మెరిసిపోతోంది. గోడలూ అంతే. నేల కడిగి, తుడిచి, హాల్లో నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి. స్టూలు మీద మంచినీళ్లు, పళ్లెం నిండా వేయించిన అప్పడాలు. కారిన మరక వెతికినా ఒక్కటి కనపడలేదు.

"ఇదేంటమ్మా? సున్నం ఎప్పుడు వేయించారు?" అన్నాను.

"నిన్ననేనండి," అంది రాఘవమ్మ సంబరంగా. "కోర్టువారు ఇంటికొస్తున్నారంటే మరకలతో చూపిస్తే ఏం బాగుంటదండి? నేల మీద చుక్కలు కూడా కడిగేశాను. కూచోండమ్మా, ఎండనపడి వచ్చారు."

ఫరూక్ తలపట్టుకున్నాడు. కోర్టువాళ్లు వస్తారు, ఇంట్లోనే ఉండండి అని మాత్రమే చెప్పాడట పాపం. ఇల్లు ఉన్నది ఉన్నట్టు ఉంచమని చెప్పాలని అతనికి తోచలేదు. మన ఇళ్లల్లో ఎవరైనా వస్తున్నారంటే మొదట చేసేది అదే కదా. నాలుగేళ్ల సాక్ష్యాన్ని చీపురుతో ఊడ్చి పెరట్లో పోసి, అతిథుల కోసం అప్పడాలు వేయించి కూర్చుందీ మహాతల్లి.

"రాసుకోండి మేడం," అన్నాడు జీవన్ కుమార్ నవ్వు దాచుకోకుండా. "కారిన గుర్తులు ఎక్కడా లేవు."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు, ఎదురుగా ఉన్నది ఆవిడ కాబట్టి ఆవిడ మీదే అరిచాను. "ఎవరమ్మా మీకు సున్నం వేయించమన్నది? నేనేమన్నా పెళ్లిచూపులకొచ్చానా?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. పమిట కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇప్పుడు మీరు కారట్లేదని రాస్తే నన్ను పంపించేస్తారాండి?"

"నాకు కనపడింది రాస్తాను. కనపడనిది రాయలేను," అన్నాను. అన్నాక నాకే ఆ మాట బాగా లేదనిపించింది. అందుకని అడిగాను. "నేల మీద చుక్కలు కడిగేశానన్నారు, అవేంటి?"

ఆవిడ చెప్పింది. మొదటి ఏడాది కారేచోటల్లా గిన్నెలు పెట్టిందట. గిన్నెలు పెడితే అప్పడాలు ఆరబెట్టే పళ్లాలకు చోటుండదు, పైగా గిన్నెలోంచి నీళ్లు చింది అప్పడాల మీద పడతాయి. అందుకని గిన్నెలు తీసేసి, చినుకు పడేచోట బియ్యప్పిండితో ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టింది. చుక్కల మధ్య ఉన్న ఖాళీల్లో పళ్లాలు సర్దుకునేది. కొనడానికొచ్చినవాళ్లకు కారే ఇల్లని తెలిస్తే అప్పడాలు కొనరని, ఆ చుక్కల చుట్టూ గీతలు తిప్పి ముగ్గులా కనపడేట్టు చేసిందట. అందరూ ముగ్గే అనుకున్నారు.

"ఆ చుక్కలు ఇప్పుడు పెట్టగలరా?"

"పెట్టలేకేం," అని లోపలికెళ్లి చిన్న గిన్నెతో బియ్యప్పిండి తెచ్చింది. ఒక్కసారైనా పైకి చూడలేదు. చూసినా అక్కడ తెల్లటి సున్నం తప్ప ఏమీ లేదు. హాల్లో దేవుడి గూటి దగ్గర వంగి ఒక చుక్క పెట్టింది. తలుపు వారన ఒకటి. రెండడుగులు వేసి ఇంకొకటి. అక్కడి నుంచి మధ్యగదిలోకి, అక్కడి నుంచి వంటింట్లోకి. మొత్తం పద్నాలుగు. ఆలోచించింది గానీ, చెరిపి దిద్దింది గానీ ఒక్కటీ లేదు.

"ముగ్గేసి కేసు గెలుస్తారాండి?" అన్నాడు జీవన్ కుమార్.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న సాంబశివరావు గారు జాలిగా అన్నారు. "ఊరికే ఎందుకమ్మా చెల్లెమ్మా ఈ తంటాలు? ఖాళీ చేయడానికి రెండు నెలలు టైమిస్తానన్నాగా."

"ఈ ఇల్లు మీకంటే నాకు బాగా తెలుసు అన్నయ్యగారూ," అంది ఆవిడ పిండి చెయ్యి దులుపుకుంటూ.

నేను టేపు తీసి ప్రతి చుక్కా రెండు గోడల నుంచి ఎంత దూరమో కొలిచి రాశాను. ఫొటోలు తీయించాను. టైము పదీ యాభై అని వేసి అందరి చేతా సంతకాలు పెట్టించాను. నిజం చెప్పాలంటే ఆ చుక్కలను నేను నమ్మలేదు. అరిచినందుకు మనసులో ఏదో గుచ్చుకుంటుంటే, ఆవిడ తృప్తి కోసం చేశాను.

మిద్దె మీదికి వెళ్లే తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ఎప్పుడూ బాపట్లలోనే ఉంటుందట, అద్దెకున్నవాళ్లు మిద్దెక్కితే పాడు చేస్తారని. ఆ తాళం తీసి ఐదేళ్లయిందని సాంబశివరావు గారే అన్నారు. చెవి పెట్టి తిప్పితే తిరగలేదు. యలమంద సుత్తితో ఒక్కటేస్తే తుప్పు రాలి ఊడింది.

పైన ఐదేళ్ల ఆకులు, ఎండిపోయిన నాచు, గచ్చు నిండా పగుళ్లు. తూర్పు వైపు పిట్టగోడ మూల, నీళ్లు బయటికి పోయే తూము దగ్గర, నడుమెత్తు రావి మొక్క పెరిగి ఉంది. "చూశారా మేడం! శిథిలం. నేను రాసిందే. ఈ పగుళ్లన్నీ రాసుకోండి," అన్నాడు జీవన్ కుమార్. గంట కిందట కారడం లేదన్న నోరే అది.

యలమంద పగుళ్ల మీద బొటనవేలితో రాసి చూశాడు. రావి మొక్క దగ్గర కాసేపు గొంతుకూర్చున్నాడు. "పైపైన చూసి చెప్పగూడదమ్మగారూ. చానా పగుళ్లు పైపైనే ఉంటయ్, కిందికి దిగవు. నీళ్లు పెట్టి చూడాల," అన్నాడు.

అది కమిషనర్ చేయాల్సిన పని కాదని జీవన్ కుమార్ అభ్యంతరం చెప్పాడు. కారుతోందో లేదో, కారితే ఎక్కడి నుంచో చూసి రమ్మని వారంటులో ఉంది, ఏప్రిల్ ఎండలో అది ఇంకెలా చూడాలో మీరే చెప్పండన్నాను. అభ్యంతరం రాసుకున్నాను. పని మొదలుపెట్టమన్నాను.

యలమంద తడి ఇసుకతో కట్టలు పోసి మిద్దెను నాలుగు భాగాలు చేశాడు. బోరు మోటారుకు పైపు తగిలించి, ఒక్కో భాగంలో నాలుగు వేళ్ల లోతున నీళ్లు నిలబెట్టి, ముప్పావుగంట చూసి, పిట్టగోడకు చిన్న బెజ్జం పొడిచి వదిలేసేవాడు. మొదటి భాగానికి కింద ఒక్క చుక్క పడలేదు. రెండో భాగానికీ అంతే. మూడోదానికీ అంతే. మధ్యాహ్నం రెండయింది. జీవన్ కుమార్ వెళ్లి భోంచేసి వచ్చాడు. నేను హాల్లో కుర్చీలో కూర్చుని, పద్నాలుగు పొడి చుక్కలను చూస్తూ, ఆవిడ గురించి దిగులు పడుతున్నాను. అప్పటికి ఆ దిగులు నిజమైనదే.

నాలుగో భాగం రావి మొక్క ఉన్నవైపు. పైపు అటు పెట్టమని యలమంద కేకేయగానే రాఘవమ్మ లేచి అప్పడాల పీట, కర్ర తెచ్చుకుంది. పిండి ముద్ద పక్కన పెట్టుకుని గోడ వారగా కూర్చుంది.

"ఇప్పుడు అప్పడాలేంటమ్మా?" అన్నాను, మళ్లీ విసుగొచ్చి.

"లెక్కకండి. వాన పట్టిన కాడ్నించి మొదటి చుక్క ముప్పై రెండో అప్పడానికి పడుద్దండి. గట్టి వానైతేనే. ముసురైతే యాభై దాకా పోద్ది. నాకు గడియారం చూసే అలవాటు లేదు."

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు, గొప్ప లేదు. వానాకాలంలో అప్పడాలు వత్తుకుంటూ, ఏ చుక్క ఎప్పుడు పడుతుందో చూసుకుని, అది పడే ముందే పళ్లెం పక్కకు జరుపుకుని నాలుగేళ్లు గడిపింది. ఎన్ని అప్పడాలకు ఏ పళ్లెం జరపాలో ఆ చేతులకు తెలుసు.

"నీళ్లు నిలిచినయ్యండీ!" అని పైనుంచి యలమంద అరిచాడు. ఆవిడ మొదటి ఉండ తీసి పీట మీద పెట్టింది.

నేను వాచీ చూసుకున్నాను. ఉండ పెట్టడం, కర్ర నాలుగువైపులా తిప్పడం, పల్చటి అప్పడం ఎత్తి పళ్లెంలో వేయడం. ఒకటి, రెండు అని పైకి అంటూనే ఉంది. చేతి వేగం పెరగలేదు, తగ్గలేదు. ఫరూక్ ఫోన్ కెమెరా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై దాటింది. ముప్పై దాటింది.

"ముప్పై రెండు. దేవుడి గూటి పక్కది," అంది.

ఏమీ పడలేదు. సాంబశివరావు గారు దగ్గారు. ఆవిడ తలెత్తలేదు, ముప్పై మూడో ఉండ తీసుకుంది. అది వత్తుతుండగా దేవుడి గూటి పైన, కొత్త సున్నం మీద, రూపాయి బిళ్లంత మేర తడి కనపడింది. దాని మధ్య ఒక బొట్టు ఊరి, ఉబ్బి, వేలాడి, రాలింది. సరిగ్గా చుక్క మీద పడి బియ్యప్పిండి నాలుగువైపులా చెదిరింది.

"పీట కొంచెం ఒరిగిందండి. చెయ్యి నెమ్మదించింది," అని ఆవిడ నాకు సంజాయిషీ చెప్పింది.

ఆ తర్వాత జరిగింది నేను రిపోర్టులో ఎంత జాగ్రత్తగా రాసినా, అక్కడ ఉండి చూసినట్టు రాయలేకపోయాను. "దీని తర్వాత ఆరుకి తలుపు వారది," అంది ఆవిడ. ఆరో అప్పడం పళ్లెంలో పడేసరికి తలుపు వారన ఉన్న చుక్క తడిసింది. "నాలుక్కి రెండు కలిసి పడతయ్," అంది. రెండూ కలిసే పడ్డాయి. "మధ్యగదిలోది చూడండి." పడింది. "ఫరూక్ బాబూ, ఇప్పుడు మీ కాడ, పొయ్యి పక్కన." ఫరూక్ "పడింది పిన్నీ!" అని అరిచాడు, కోర్టు పని మీద ఉన్నానన్న సంగతే మర్చిపోయి. ఆ ఇంట్లో ఎవరూ కదలడం లేదు. పైన నీళ్లు, కింద ఆవిడ చేతులు మాత్రమే కదులుతున్నాయి. జీవన్ కుమార్ కుర్చీ అంచుకు జరిగి, కళ్లు పెద్దవి చేసి, "తర్వాతది ఎక్కడమ్మా?" అని అడిగాడు. అడిగాక నావైపు చూసి సర్దుకున్నాడు గానీ, నేను అతన్ని తప్పుపట్టలేదు. నేనూ అదే అడగబోతున్నాను.

పంతొమ్మిదేళ్లలో ఎంతోమంది సాక్షులను చూశాను. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినవాళ్లు, నిజం తెలిసి మర్చిపోయినవాళ్లు, డబ్బిస్తే గుర్తుతెచ్చుకున్నవాళ్లు. తనను ఏడిపించిన దాన్ని ఇంత ఓపికగా, ఇంత శ్రద్ధగా చూసిన మనిషిని మాత్రం చూడలేదు. ఆవిడకు ఆ చినుకుల మీద కోపం కూడా లేదు. పొద్దున ఆవిడ మీద అరిచిన నా నోరు నాకే సిగ్గనిపించింది.

యలమంద కిందికి దిగి వచ్చాడు. గుమ్మంలో ఆగి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, తడిసిన చుక్కల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కో గదిలోకి వెళ్లి, నిచ్చెనేసుకుని, దూలాల్లోకి సన్నటి ఉలి గుచ్చి చూసి వచ్చాడు.

"అమ్మగారూ, ఇటు చూడండి," అని చుక్కల మీదుగా గాల్లో వేలితో గీత గీశాడు. "ఈ పద్నాలుగూ రెండు దూలాల కిందే ఉన్నయ్. అడ్డదిడ్డంగా లేవు. నీళ్లు పద్నాలుగు చోట్ల దిగట్లేదండి. ఒక్కచోట దిగి, దూలం పట్టుకుని నడుస్తా, వాసం తగిలిన కాడల్లా రాలతన్నయ్. ఆ రావి మొక్క వేరు కాడే దిగేది. తూము పూడిపోయింది, వేరు దారి చేసింది. మిగతా మిద్దంతా రాయల్లే ఉంది. దూలాలు అసలైన టేకు, ఉలి దిగలేదు."

"బాగు చేయడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండ్రోజులు. ఆ తర్వాత ఇంకో యాభై ఏళ్లుంటదండి ఈ ఇల్లు." అని రాఘవమ్మ వైపు తిరిగాడు. "నలభై ఏళ్ల బట్టి కారే ఇళ్లు చూస్తన్నా అక్కా. ఎక్కడ దిగుతుందో పట్టుకోటానికే మాకు సగం రోజులు పోతయ్. రోగం తనే కనిపెట్టి పెట్టిన ఇంటామెను ఇదే చూడ్డం."

ఆవిడ నవ్వలేదు. "అయితే ఇల్లు కూల్చక్కర్లేదా?" అంది. యలమంద అక్కర్లేదన్నాడు. ఆవిడ సాంబశివరావు గారి వైపు చూసింది. ఆయన తన ఇంటి పైకప్పు వైపే చూస్తున్నారు.

నా రిపోర్టు పదకొండు పేజీలయింది. చుక్కలు నీళ్లకంటే ముందు పెట్టినవని, కొలతలు ఇవని, నీళ్లు నిలిచాక ఇరవై నాలుగు నిమిషాలకు మొదటి చుక్క పడిందని, నాలుగో భాగంలో తప్ప ఎక్కడా దిగలేదని రాశాను. ముప్పై మూడో అప్పడం సంగతి కూడా రాశాను. వాదనల రోజున జడ్జిగారు ఆ పేజీ దగ్గర ఆగి, రెండోసారి చదువుకుని పేజీ తిప్పారు. జూన్ మొదటి వారంలో తీర్పు వచ్చింది. కూల్చడానికి ఖాళీ చేయించాలన్న పిటిషన్ కొట్టేశారు. యజమాని పదిహేను రోజుల్లో బాగు చేయించాలి, లేకపోతే రాఘవమ్మ తానే చేయించుకుని ఆ ఖర్చు నెలనెలా అద్దెలో మినహాయించుకోవచ్చని ఆర్డరు.

కోర్టు వరండాలో ఫరూక్ ఆ ఆర్డరును ఆవిడకు చదివి వినిపిస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

"అంటే అన్నయ్యగారిని అడగక్కర్లేదా?" అంది ఆవిడ.

"అక్కర్లేదు పిన్నీ."

"ఆయన వద్దన్నా?"

"వద్దన్నా చేయించుకోవచ్చు."

ఆవిడ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, అక్షరాలు వేలితో తాకుతూ అలాగే చూసింది. ఆ రోజు తడిసిన చుక్కల వైపు నేను చూసినట్టే చూసింది. "ఇట్టాంటి చట్టం నిజంగా ఉందా బాబూ? ఎప్పట్నించి ఉంది?"

"మినహాయించుకునే చట్టమా? నూట నలభై ఏళ్ల పైనుంచి ఉంది."

"నూట నలభై ఏళ్లా!" అంది ఆవిడ. "మరి ఎవరూ చెప్పలేదేంటి?" అని మా ఇద్దరి వైపూ చూసింది. ఫరూక్ నావైపు చూశాడు. నల్లకోటు వేసుకుని పంతొమ్మిదేళ్లుగా ఆ ఊళ్లోనే తిరుగుతున్నదాన్ని నేనే.

సాంబశివరావు గారు పదిహేను రోజులూ కదల్లేదు. పదహారో రోజున యలమంద రేపల్లె పాసింజరు దిగాడు. రావి మొక్కను వేరుతో సహా తీసి, తూము శుభ్రం చేసి, మూల కొత్తగా గచ్చు చేసి, అన్నమాట ప్రకారం రెండు రోజుల్లో పని ముగించి వెళ్లాడు.

జూలైలో ఒక సాయంత్రం కోర్టు అయ్యాక అప్పడాలు కొందామని ఆ సందులోకి వెళ్లాను. కేసు అయిపోయింది కాబట్టి ఇక వెళ్లొచ్చు. నేను అరుగెక్కేసరికి వాన మొదలైంది. చూస్తుండగానే సందు కనపడనంత వానయింది. రాఘవమ్మ నన్ను చూసి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. "చూడండి మేడంగారూ, చూడండి," అని పైకి చూపించింది. ఒక్క మరక లేదు. హాలు నిండా నేల పొడిగా ఉంది. పళ్లాలన్నీ గోడ వారగా వరసగా పేర్చి ఉన్నాయి. కాలు పెట్టడానికి అడ్డమనేదే లేదు.

"ఉండండి, వేడివేడిగా రెండు అప్పడాలు వేయించి తెస్తా," అని వంటింట్లోకి వెళ్లింది.

పళ్లెం పట్టుకుని తిరిగి వస్తుంటే చూశాను. వంటింటి గుమ్మం నుంచి నా కుర్చీ దాకా తిన్నగా ఏడెనిమిది అడుగులుంటుంది. ఆవిడ తిన్నగా రాలేదు. గుమ్మం దాటగానే ఎడమకు ఒదిగింది. రెండడుగులు వేసి కుడికి తిరిగింది. ఒకచోట కాలు చాపి దేన్నో దాటినట్టు దాటింది. దేవుడి గూటి దగ్గరికొచ్చేసరికి చుట్టూ తిరిగింది. నేల మీద ఏమన్నా ఉందేమోనని వంగి చూశాను. ఏమీ లేదు. ఒక్క చుక్క కూడా లేదు.

అప్పుడు అర్థమైంది. నాలుగేళ్లుగా ఆవిడ తన ఇంట్లో తను తిన్నగా నడవలేదు.

"పిన్నిగారూ, తిన్నగా రండి," అన్నాను. "ఇంకేమీ పడదు."

ఆవిడ ఆగి, తన కాళ్ల వైపు చూసుకుని, సిగ్గుపడుతూ నవ్వింది. "అలవాటైపోయిందమ్మా."

పళ్లెం రెండు చేతులా పట్టుకుని, దేవుడి గూటి పక్కన ఒక్క అడుగు వేసి, అక్కడే నిలబడి పైకి చూసింది. బయట వాన దంచుతోంది. చాలాసేపు అలా చూసి, రెండో కాలు కూడా తెచ్చి అక్కడే పెట్టింది.